బీరువాలో తలకిందులైన చరిత్ర: యుద్ధానంతర జర్మన్ విలాస కార్లూ, వాటి మోడళ్లూ

బీఎండబ్ల్యూ 507 అనే రెండు సీట్ల ఓపెన్ కారు 1956 నుంచి 1959 దాకా తయారైంది. మొత్తం 252 కార్లు. అమ్మిన ప్రతి కారు మీదా కంపెనీకి నష్టమే వచ్చింది. 1959లో బీఎండబ్ల్యూ చేతులు మారే పరిస్థితికి రావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. అదే దశాబ్దంలో ఓపెల్ సంస్థ కపిటేన్ అనే ఆరు సిలిండర్ల పెద్ద సెడాన్‌ను లక్షకు పైగా అమ్మింది. పశ్చిమ జర్మనీలో నిలదొక్కుకున్న డాక్టరో, లాయరో, చిన్న ఫ్యాక్టరీ యజమానో ఎక్కి తిరిగింది ఇలాంటి కార్లే. మోడల్ కార్ల బజారులో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. 507 చిన్న స్కేలు నుంచి పెద్ద స్కేలు దాకా, చవక రకం నుంచి ఖరీదైన రకం దాకా కావలసినన్ని రూపాల్లో కనిపిస్తుంది. కపిటేన్ కోసం వెతుక్కోవాలి.

ఈ మోడళ్లు సేకరించేవారిలో ఎక్కువమంది చూసేవి రెండే: ఎంత అరుదు, ఎంత ధర. వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఈ మోడల్ ఎప్పుడు, ఎవరి కోసం తయారైంది అన్నది. అసలు కారు రోడ్డు మీద తిరుగుతున్న రోజుల్లోనే పిల్లల కోసం చేసిన బొమ్మ అయితే, అందులో ఆనాటి వీధి కనిపిస్తుంది. నలభై ఏళ్ల తర్వాత పెద్దల కోసం చేసిన మోడల్ అయితే, అందులో కనిపించేది ఆ పెద్దలకు మిగిలిపోయిన కోరిక. సేకరణ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగలిగితే, మ్యూజియంలో కూడా సులభంగా దొరకని చరిత్ర ఒక బీరువాలో కుదురుతుంది.

1951 ఏప్రిల్, ఫ్రాంక్‌ఫర్ట్

యుద్ధం ముగిసి ఆరేళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఒకేసారి రెండు పెద్ద కార్లు జనం ముందుకు వచ్చాయి. ఒకటి మెర్సిడెస్ 300, రెండోది బీఎండబ్ల్యూ 501. ఆ కార్ల వెనక ఉన్న పరిస్థితి తెలియకపోతే వాటి మోడళ్లు ఉత్త అందమైన వస్తువులుగానే మిగిలిపోతాయి.

మెర్సిడెస్ బాడీలు తయారయ్యే జిండెల్‌ఫింగెన్ కర్మాగారం బాంబు దాడుల్లో బాగా దెబ్బతింది. బీఎండబ్ల్యూది ఇంకా కష్టం. యుద్ధానికి ముందు ఆ సంస్థ కార్లు తయారైన ఐజెనాఖ్ పట్టణం సోవియట్ ఆక్రమిత ప్రాంతంలో పడింది. మ్యూనిక్‌లో మిగిలిన కార్మికులు మొదట వంటపాత్రలు చేసి పొట్టపోసుకున్నారు, 1948లో ఒక చిన్న మోటార్ సైకిల్‌తో మళ్లీ వాహనాల్లోకి వచ్చారు. అలాంటి సంస్థ మొదటి కారుగా చిన్నది కాకుండా భారీ సెడాన్‌ను ఎంచుకుంది. పెద్ద బాడీ రేకులు నొక్కే ప్రెస్సులు తన దగ్గర లేకపోవడంతో తొలి బాడీలను స్టుట్‌గార్ట్‌లోని బావర్ సంస్థ చేత చేయించింది. 1951లో చూపించిన కారు కొనుగోలుదారుల చేతికి అందింది 1952 చివర్లో. ధర 15 వేల మార్కుల పైమాటే. అంటే అప్పటి సగటు జర్మన్ సంపాదనకు నాలుగేళ్ల మొత్తం. ఇంజిన్ మాత్రం రెండు లీటర్లు, 65 హార్స్‌పవర్. ఒంపులు తిరిగిన ఆ మడ్‌గార్డులను చూసి జనం దానికి ‘బరోక్ దేవదూత’ అని పేరు పెట్టారు. 1954లో వచ్చిన 502లో వీ8 ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉండేది) పెట్టారు, యుద్ధం తర్వాత జర్మనీలో తయారైన మొదటి వీ8 అదే.

మెర్సిడెస్ 300 కథ వేరు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 115 హార్స్‌పవర్, నిలువెత్తు గ్రిల్. పశ్చిమ జర్మనీ మొదటి ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ వరసగా ఇవే కార్లు వాడడంతో ఆ కారుకే అడెనావర్ అన్న పేరు స్థిరపడింది. ఆయన వాడిన ఒక 300 బాన్‌లోని చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. 1962 దాకా అన్ని రూపాలూ కలిపి తయారైనవి సుమారు 11 వేలు.

మోడల్ కొనేవారు ఆగి చూడవలసింది ఇక్కడే. ‘మెర్సిడెస్ 300’ అని పెట్టె మీద రాసినంత మాత్రాన అది ఒకే కారు కాదు. 1954లో 300బి, 1955లో వెనక అద్దం పెద్దదైన 300సి వచ్చాయి. 1957 నాటి 300డి దాదాపు కొత్త కారు. పక్క అద్దాలన్నీ దించితే మధ్యలో స్తంభం లేకుండా తెరుచుకుంటుంది, వెనక మడ్‌గార్డులు సాగాయి, ఇంజిన్‌కు ఇంధన ఇంజెక్షన్ వచ్చి 160 హార్స్‌పవర్‌కు చేరింది. 1951 నాటిదని చెప్పే మోడల్‌కు 300సి వెనక అద్దం ఉంటే, తయారీదారు ఒక్క అచ్చుతో రెండు కార్లు అమ్మాలని చూశాడన్నమాట.

బొమ్మల ఊళ్లు

న్యూరెంబర్గ్, దాని పక్కనే ఉన్న ఫ్యూర్త్ వందల ఏళ్లుగా బొమ్మల ఊళ్లు. యుద్ధం ముగిశాక ఇవి అమెరికా ఆధీనంలోని ప్రాంతంలోకి వచ్చాయి. ఆ రోజుల్లో అక్కడ తయారై ఎగుమతైన బొమ్మల అడుగున ‘మేడ్ ఇన్ యూఎస్ జోన్ జర్మనీ’ అని ముద్ర ఉంటుంది. సేకరించేవారికి ఆ ముద్రంత విలువైన తేదీ మరొకటి లేదు. దేశం ఇంకా పూర్తిగా తన చేతుల్లో లేని రోజుల్లో ఆ బొమ్మ పుట్టిందని అది చెబుతుంది.

అంతకుముందు జర్మన్ బొమ్మల వ్యాపారానికి పెద్ద సంత లీప్‌జిగ్‌లో జరిగేది. లీప్‌జిగ్ సోవియట్ వైపు పడింది. దాంతో పశ్చిమాన ఉన్నవాళ్లు 1950లో న్యూరెంబర్గ్‌లో కొత్త బొమ్మల ప్రదర్శన మొదలుపెట్టారు. అది నేటికీ ఆ రంగంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. బీఎండబ్ల్యూ ఐజెనాఖ్‌ను పోగొట్టుకుని మ్యూనిక్‌లో మొదలుపెట్టినట్టే, బొమ్మల పరిశ్రమ లీప్‌జిగ్‌ను పోగొట్టుకుని న్యూరెంబర్గ్‌లో మొదలుపెట్టింది. కార్లూ వాటి బొమ్మలూ ఒకే గీత వల్ల చీలి, ఒకే ఏళ్లలో కోలుకున్నాయి. ఈ రెండు చరిత్రలనూ కలిపి చదివేవారు తక్కువ, అది నిజంగా విచారించవలసిన విషయం.

1912లో న్యూరెంబర్గ్‌లో మొదలైన షూకో రేకుతో, గడియారంలా కీ ఇస్తే నడిచే యంత్రంతో బొమ్మ కార్లు చేసేది. 1950ల్లో అది చేసిన మెర్సిడెస్ 190 ఎస్‌ఎల్ రేకు బొమ్మను పాత బొమ్మలు సేకరించేవారు ఇప్పటికీ గౌరవంగా చూస్తారు. బెర్లిన్‌లో నడిచిన వైకింగ్ మరో దారి పట్టింది. యుద్ధానికి ముందు చిన్న ఓడల నమూనాలు చేసిన ఆ సంస్థ, 1940ల చివరికి ప్లాస్టిక్ కార్లలోకి వచ్చింది. తొలి కార్లకు అద్దాలుండవు, కిటికీల చోట కూడా ప్లాస్టిక్ ముద్దే. రైలు బొమ్మల పక్కన పెట్టేందుకు చేసినవి కాబట్టి వేలంత పొడవే ఉంటాయి. కొలతల ప్రకారం చూస్తే వాటిలో తప్పులు ఎన్నో. కానీ 1950ల జర్మన్ కుర్రవాడు జేబు డబ్బుతో కొన్నది వీటినే. ఆ కాలపు వీధిలో ఏ కార్లు కనబడేవో తెలుసుకోవాలంటే పాత వైకింగ్ జాబితాను మించిన సాక్ష్యం లేదు.

మూడో ఉదాహరణ ఇంగ్లండు నుంచి. న్యూరెంబర్గ్‌లో టిప్ అండ్ కో అనే బొమ్మల సంస్థ నడిపిన ఫిలిప్ ఉల్‌మన్ యూదుడు. నాజీలు అధికారానికి వచ్చిన 1933లో ఆయన ఇంగ్లండు వెళ్లి నార్తాంప్టన్‌లో మెట్టాయ్ అనే సంస్థను స్థాపించారు. 1956లో ఆ మెట్టాయ్ నుంచే కోర్గీ టాయ్స్ పుట్టింది. 1964లో కోర్గీ మెర్సిడెస్ 600 పుల్‌మన్ బొమ్మను తెచ్చింది, కారును తోస్తుంటే ముందు అద్దం మీద వైపర్లు అటూ ఇటూ కదిలేవి. అసలు 600 జనం ముందుకు వచ్చి అప్పటికి ఏడాదే. జర్మనీ నుంచి వెళ్లగొట్టబడిన మనిషి మొదలుపెట్టిన సంస్థ, జర్మనీ గర్వంగా చెప్పుకున్న కారుకు అంత శ్రద్ధగా బొమ్మ చేసింది. కొత్తగా వచ్చిన 1:18 మోడల్‌లో (అసలు కారులో పద్దెనిమిదో వంతు) ఎన్ని తలుపులు తెరుచుకున్నా ఈ చరిత్ర ఉండదు.

కోరిక అచ్చులో పడే తీరు

1970ల్లో పాత జర్మన్ బొమ్మల సంస్థలు కుదేలయ్యాయి. షూకో 1976లో మూతపడింది, తర్వాత పేరు చేతులు మారుతూ 1999లో ఫ్యూర్త్‌కే చెందిన ఓ పెద్ద బొమ్మల గ్రూపు చేతికి వచ్చింది. 1990లో ఆఖెన్ నగరంలో మొదలైన మినీచాంప్స్ ముందు రేసు కార్లు చేసి, ఆపై 1950ల జర్మన్ కార్లను 1:43లో వరసగా తెచ్చింది. 1995లో స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాఖ్‌లో పుట్టిన సీఎంసీ, చైనాలో చేతితో కూర్చే 1:18 మోడళ్లతో పేరు తెచ్చుకుంది. వెయ్యికి పైగా భాగాలున్న మోడళ్లు దాని జాబితాలో మామూలే. వీటిని కొన్నది పిల్లలు కాదు, 1950ల్లో పిల్లలుగా ఉన్నవాళ్లు.

అచ్చుల ఖర్చు చూస్తే బీరువాలోని వంకర అర్థమవుతుంది. జింకు మిశ్రమంతో పోత పోయాలంటే ఉక్కు అచ్చు కావాలి. అది చాలా ఖరీదు, వేలల్లో అమ్ముడైతే గానీ గిట్టదు. కాబట్టి అందరికీ తెలిసిన కారునే ఎంచుకుంటారు. తలుపులు రెక్కల్లా పైకి తెరుచుకునే మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్ కారు, ఇటలీ సంస్థ బురాగో చవక మోడల్ నుంచి సీఎంసీ ఖరీదైన మోడల్ దాకా ప్రతి మెట్టు మీదా కనిపించడానికి కారణం అదే. ఒక్కసారి అచ్చు చేస్తే రంగులు మార్చి, చక్రాలు మార్చి ఏళ్ల తరబడి అమ్మవచ్చు. పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసే మోడల్‌కు సిలికాన్ అచ్చు చాలు. అది కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది కానీ చవక. అందువల్ల కొన్ని వందలు మాత్రమే చేసినా గిట్టుబాటవుతుంది. తలుపులు, బానెట్ తెరుచుకోవు. అయినా బోర్గ్‌వార్డ్ సంస్థ పీ100, గ్లాస్ సంస్థ వీ8 లాంటి మరుగున పడిన కార్లు బీరువాలోకి వచ్చింది ప్రధానంగా రెజిన్ దయవల్లే. తలుపు తెరుచుకోలేదని రెజిన్‌ను తక్కువ చేసి చూడడం సరికాదు. చరిత్రలోని ఖాళీలు పూడ్చింది అదే.

507కూ, గల్‌వింగ్‌కూ మోడల్ బజారులో ఇంత గిరాకీ ఉండడానికి ఇంకో మూలం న్యూయార్క్‌లో ఉంది. మాక్స్ హాఫ్‌మన్ అనే దిగుమతిదారు అక్కడి నుంచి ఒత్తిడి చేయకపోతే మెర్సిడెస్ తన రేసు కారును రోడ్డు కారుగా మార్చేది కాదు. గల్‌వింగ్ మొదటిసారి కనిపించింది కూడా జర్మనీలో కాదు, 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో. తయారైన 1,400 కూపేల్లో అధిక భాగం అమెరికాకే పోయాయి. 507 రూపశిల్పి ఆల్‌బ్రెఖ్ట్ గోర్ట్జ్‌ను బీఎండబ్ల్యూ వైపు నడిపించిందీ ఆయనే. హాఫ్‌మన్ ఐదు వేల డాలర్లకు అమ్మాలనుకున్న 507 ధర చివరికి దానికి రెట్టింపయింది, కొనేవాళ్లు లేకపోయారు. సైనికుడిగా జర్మనీలో ఉన్నప్పుడు ఎల్విస్ ప్రెస్లీ ఒక 507 నడపడంతో దాని ఖ్యాతి కారును మించి పెరిగింది. అంటే ఈ రెండూ జర్మన్ చేతులు చేసినా అమెరికా కలకు తగ్గట్టు పుట్టిన కార్లు. మోడళ్లకు అతిపెద్ద బజార్లలో ఒకటి అమెరికాయే కాబట్టి, ఆ కలే మళ్లీ మళ్లీ పోత పోసుకుంటోంది.

చూసే పద్ధతి

చిన్న వస్తువులో కొలత తప్పు పెద్దగా కనిపిస్తుంది. పదో వంతు మిల్లీమీటరు మందం రంగు పూసినా, 1:43లో అది అసలు కారు మీద నాలుగు మిల్లీమీటర్ల పైన మందం ఉన్న పూతతో సమానం. అందుకే రంగు ఎక్కువైన మోడల్‌లో తలుపుల గీతలు పూడిపోతాయి, అంచులు మొద్దుబారతాయి. వెండి రంగులోని లోహపు రేణువులకూ ఇదే చిక్కు. అసలు కారు మీద సన్నగా మెరిసే రేణువు మోడల్ మీద గులకరాయంత అవుతుంది. గల్‌వింగ్ కార్లలో తరచుగా కనిపించే డీబీ 180 అనే వెండి బూడిద రంగు మోడల్‌లో సరిగ్గా కుదరాలంటే రేణువుల్ని మరీ సన్నగా నూరాలి. మంచి తయారీదారుకూ మామూలు తయారీదారుకూ తేడా ముందుగా తెలిసేది ఇక్కడే, తెరుచుకునే డిక్కీ దగ్గర కాదు.

ఆ తర్వాత నిలబడే తీరు చూడాలి. పక్క నుంచి చూస్తే చక్రం పై అంచుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ ఎంత ఉంది, టైరు వెడల్పు ఎంత ఉంది అన్నవి. 1950ల టైర్లు సన్నగా, ఎత్తుగా ఉండేవి. మోడళ్లలో తరచుగా వెడల్పు టైర్లు వేసి కారును కిందికి దించేస్తారు. ఇప్పటి కంటికి అది నచ్చుతుంది, కానీ అడెనావర్ కారు గాంభీర్యమంతా ఆ సన్నని టైర్ల మీద నిటారుగా నిలబడడంలోనే ఉంది.

హెడ్‌లైట్లు కారు ఏ దేశానికి పోయిందో చెబుతాయి. 1959లో వచ్చిన తోకల మెర్సిడెస్‌కు (వెనక మడ్‌గార్డులు తోకల్లా లేచిన కారు) ఐరోపాలో నిలువు గాజు దీపం ఉంటుంది, అమెరికా చట్టం కోసం ఒకదాని మీద ఒకటిగా గుండ్రని దీపాలు పెట్టారు. ఐరోపా దీపాలు పెట్టిన కారుకు అమెరికా బంపర్ గార్డులు తగిలించిన మోడల్ ఏ దేశపు రోడ్డుకూ చెందదు.

నంబరు ప్లేటు మరీ ముఖ్యం. 1956 జులై 1 వరకు పశ్చిమ జర్మనీలో ఆక్రమణ ప్రాంతాల ప్లేట్లు ఉండేవి. నల్ల నేల మీద తెల్ల అక్షరాలు, అమెరికా ప్రాంతానికి ‘A’ అక్షరంతో, బ్రిటిష్ ప్రాంతానికి ‘B’ అక్షరంతో మొదలయ్యేవి. ఆ తేదీ నుంచి తెల్ల నేల మీద నల్ల అక్షరాలు, ఊరి పేరు మొదటి అక్షరాలు వచ్చాయి. మ్యూనిక్‌కు ఎం, స్టుట్‌గార్ట్‌కు ఎస్. 1952 నాటిదని చెప్పే బీఎండబ్ల్యూ 501 మోడల్ తెల్ల ప్లేటుతో వస్తే, తయారీదారు కారును చూశాడు గానీ ఆ కారు తిరిగిన దేశాన్ని చూడలేదు. వరి గింజంత ప్లేటులో ఓడిపోయిన దేశం, నాలుగు ముక్కలైన పాలన, తిరిగి నిలబడిన క్రమం అన్నీ ఇమిడి ఉన్నాయి. దాన్ని సరిగ్గా పెట్టడానికి అదనపు ఖర్చేమీ కాదు, శ్రద్ధ ఒక్కటే కావాలి.

స్కేలు ఎంపికలో తర్కం కన్నా అలవాటే ఎక్కువ. 1:43 బ్రిటిష్ రైలు బొమ్మల కొలత నుంచి వచ్చింది, 1:87 అందులో సగం. అయితే ఒకే స్కేలుకు కట్టుబడడానికి బలమైన కారణం ఒకటి ఉంది. 1:43లో మెర్సిడెస్ 600 పుల్‌మన్ 145 మిల్లీమీటర్లు, అసలు కారు 6.24 మీటర్లు కాబట్టి. అదే స్కేలులో బీఎండబ్ల్యూ చిన్న బుడగ కారు ఇజెట్టా 53 మిల్లీమీటర్లు. ఒకే దేశంలో పదేళ్ల తేడా లోపే తయారీ మొదలైనవాటిని ఇలా ఒకే కొలతలో చూస్తే సంపదకూ లేమికీ మధ్య దూరం కంటికి కొలిచినట్టు తెలుస్తుంది. స్కేళ్లు కలిపేస్తే ఆ పోలిక పోతుంది. ఇల్లు చిన్నదైతే 1:43, రైలు బొమ్మలతో కలపాలంటే 1:87, లోపలి డాష్‌బోర్డు దాకా చూడాలంటే 1:18. ఇంతకన్నా ఎక్కువ చెప్పవలసింది లేదు.

లోహానికి వచ్చే జబ్బు

పాత పోత బొమ్మలు కొనేవారికి జింకు జబ్బు పెద్ద శత్రువు. జింకులో అల్యూమినియం కలిపి పోత పోస్తారు, అందులో సీసం లాంటి మలినాలు అతి స్వల్పంగా మించినా లోహం లోపలి రేణువుల సరిహద్దులు నెమ్మదిగా పాడవుతాయి. ముందు రంగు కింద సన్నని పగుళ్లు, తర్వాత ఉబ్బు, చివరికి చేతిలో పిండి. దీనికి మందు లేదు. యుద్ధానికి ముందు, యుద్ధం దరిదాపుల్లో, శుద్ధమైన జింకు దొరకనప్పుడు పోసిన బొమ్మల్లో ఇది ఎక్కువ. కొత్త మోడళ్లకు రాదన్న భరోసా కూడా లేదు, కర్మాగారంలో మలినం కలిస్తే ఇరవై ఏళ్ల వయసు మోడళ్లూ పగులుతాయి. కొనేముందు బేస్ ప్లేటు నిటారుగా ఉందా వంగిందా చూడాలి. వంగి ఉంటే లోపల జబ్బు మొదలైనట్టే.

వేడి, తేమ ఈ జబ్బును తొందరపెడతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉండేవారికి ఇది పుస్తకపు హెచ్చరిక కాదు. వానాకాలమంతా మూసిన పెట్టెలో, స్పాంజి ఒరుసుకుంటూ ఉన్న మోడల్‌కు రంగు మీద పొక్కులు రావచ్చు. పెట్టెలోనే దాచితే విలువ నిలుస్తుందన్న నమ్మకంతో చాలామంది మోడళ్లను తెలియకుండానే పాడు చేస్తున్నారు. గాలి ఆడే అద్దాల బీరువా, ఎండ నేరుగా పడని గోడ, సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ ఉండడం, ఇవి పెట్టె కన్నా మేలు. మెత్తని టైర్లలోని నూనె లాంటి పదార్థం కాలక్రమేణా బయటికి వచ్చి ప్లాస్టిక్ చక్రాన్నీ, కింది పీఠాన్నీ కరిగిస్తుంది. కారును కాస్త పైకెత్తి నిలిపితే పీఠం మిగులుతుంది. వైకింగ్ తొలి ప్లాస్టిక్ కార్లు అయితే ఏం చేసినా ఎంతో కొంత వంగుతాయి, ఆ వంపును వాటి వయసుగా ఒప్పుకోవాలి.

మన దేశంలో

భారతదేశానికి ఈ కథలో చిన్నదే అయినా నిజమైన చోటు ఉంది. 1960ల చివర్లో కలకత్తాలో నిక్కీ టాయ్స్ పేరుతో, బ్రిటిష్ డింకీ సంస్థ పాత అచ్చుల నుంచి బొమ్మలు తయారయ్యాయి. వాటిలో తోకల మెర్సిడెస్ 220 ఎస్ఈ ఒకటి. పోత మొరటుగా, రంగు మందంగా ఉంటుంది. అయినా విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసుకుపోయిన దేశంలో, జర్మన్ విలాస కారు మన పిల్లల చేతికి అందిన తోవ అది. యూరప్ సేకరణదారులు వీటిని ఇప్పుడు వెతికి కొంటున్నారు. మన దగ్గర అటకల మీది పాత బొమ్మల డబ్బాల్లో ఏవైనా మిగిలి ఉంటే పారేయవద్దు, కొత్త రంగు అసలే వేయవద్దు. రంగు వేస్తే దాని సాక్ష్యం పోతుంది.

కొత్తవి కొనడం ఇప్పుడు భారమే. కస్టమ్స్ లెక్కలో స్కేలు మోడళ్లూ పిల్లల బొమ్మలూ ఒకే శీర్షిక కిందికి వస్తాయి. ఆ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడడం కోసం పెట్టిన సుంకం, ఇక్కడ ఎవరూ తయారు చేయని రెజిన్ బోర్గ్‌వార్డ్ మీద కూడా పడుతోంది. పెద్దల మోడళ్లను వేరుగా చూస్తే న్యాయంగా ఉంటుంది. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు మాత్రం మంచి అవకాశం ఉంది. అక్కడి ఊళ్లలో ఆదివారాలు జరిగే మోడల్ కార్ల సంతల్లో పెట్టె పోయిన పాత వైకింగ్‌లూ, పాత మినీచాంప్స్ మోడళ్లూ తక్కువ ధరకే దొరుకుతాయి. స్టుట్‌గార్ట్, మ్యూనిక్ మ్యూజియాల్లో అసలు కార్లను చూసి, ఫొటోలు తీసుకుని, ఆ తర్వాత మోడల్ కొనే వీలు వాళ్లకే ఉంది.

మూడు అరలు

అరలను కంపెనీల వారీగా, రంగుల వారీగా కాక ఒక ప్రశ్న చుట్టూ అమర్చితే తక్కువ మోడళ్లతోనే ఎక్కువ తెలుస్తుంది. మొదటి అర 1951ది కావచ్చు. మెర్సిడెస్ 300, అదే ఏడాది వచ్చిన 220, బీఎండబ్ల్యూ 501, ఓపెల్ కపిటేన్. నాలుగింటిలోనూ యుద్ధానికి ముందరి మడ్‌గార్డుల ఛాయ ఉంది, ఏది దాన్ని ఎంత వదిలించుకుందో పక్కపక్కన పెడితేనే కనబడుతుంది.

రెండోది బీఎండబ్ల్యూ అర, అన్నిటికన్నా చెప్పుకోదగ్గది. 502, 503, 507 ఒక వైపు. ఇటలీ నుంచి అనుమతి తెచ్చుకుని 1955లో మొదలుపెట్టిన ఇజెట్టా మరో వైపు. వీ8 లిమోజీనూ, మోటార్ సైకిల్ ఇంజిన్‌తో ముందు నుంచి తలుపు తెరుచుకునే బుడగ కారూ ఒకే షోరూంలో అమ్మిన సంస్థ ఇది. మధ్య తరగతి కొనగలిగే మధ్యస్థ కారు దాని దగ్గర లేదు. అరలో ఆ రెండు వైపుల మధ్య ఖాళీ వదిలి చూడండి, 1959 డిసెంబర్ 9 నాటి వాటాదారుల సమావేశం ఎందుకు జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు డైమ్లర్ బెంజ్ బీఎండబ్ల్యూను తీసుకునే ప్రతిపాదన వచ్చింది. చిన్న వాటాదారులూ, డీలర్లూ అడ్డుపడి ఆపారు. తర్వాత పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ తన వాటా పెంచి సంస్థను నిలబెట్టారు. ఆ ఖాళీలో పెట్టవలసినవి 1959 నాటి చిన్న కారు 700, 1960ల తొలి ఏళ్ల 1500. ఈ రెండే బీఎండబ్ల్యూను బతికించాయి. మోడల్ కంపెనీలు వీటికన్నా 507నే ఎక్కువసార్లు చేశాయి కాబట్టి, అర పూర్తి కావడానికి ఓపిక కావాలి.

మూడోది బ్రెమెన్ నగరపు అర. కార్ల్ బోర్గ్‌వార్డ్ నడిపిన సంస్థ 1954 నుంచి ఇజబెల్లాను రెండు లక్షలకు పైగా అమ్మింది. 1959లో చూపించిన పెద్ద కారు పీ100కు ఎయిర్ సస్పెన్షన్ ఉంది, జర్మన్ కార్లలో ఆ పని ముందు చేసింది అదే, మెర్సిడెస్ కాదు. 1961లో బ్రెమెన్ ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక సంస్థ దివాలా తీసింది, చివరికి అప్పులవాళ్లకు దాదాపు మొత్తం సొమ్ము తిరిగి దక్కింది. అంటే దాన్ని మూసేయాల్సిన అవసరం నిజంగా ఉందా అన్న వాదన జర్మనీలో ఇంకా తెగలేదు. పీ100 యంత్రాలు మెక్సికో వెళ్లి, 1967 నుంచి కొన్నేళ్లు అక్కడ అదే కారు మళ్లీ తయారైంది. జర్మన్ ప్లేటుతో ఒక పీ100, మెక్సికో ప్లేటుతో మరొకటి పక్కపక్కన పెట్టాలన్నది బోర్గ్‌వార్డ్ అభిమానుల కోరిక. మొదటిది రెజిన్‌లో దొరుకుతుంది. రెండోదానికి ఇంకో రెజిన్ మోడల్ కొని, మెక్సికో నాటి ఫొటోలు చూసుకుంటూ ప్లేట్లు, బ్యాడ్జీలు స్వయంగా మార్చుకోవడమే మార్గం.